ప్రభువునందు ప్రియమైన క్రొవ్విన దూడ గారికి

వందనాలండీ.

బైబిల్లో లూకా 15వ అధ్యాయంలో మిమ్మల్ని కోసిన దగ్గర్నుంచి మీ సంగతి ఎవరూ అడిగుండరు, నేనూ అడిగేదాన్ని కాదు, నిన్న మా ఇంట్లో కృతజ్ఞత కూడిక జరక్కపోతే. మా తమ్ముడు తిరిగొచ్చాడు. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి చెప్పాపెట్టకుండా పోయినోడు ఆరేళ్ల తర్వాత ఒక క్యారీబ్యాగ్‌తో దిగాడు, అంతే, షామియానా, మైకు, వంద మందికి మటన్ బిర్యానీ.

వాక్యం ఏంటో మీకు చెప్పక్కర్లేదు. తప్పిపోయిన కుమారుడే, ఆస్తిలో తన వాటా తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుకు కోసం తండ్రి మిమ్మల్ని కోయించి విందు చేస్తే, ఇంట్లోనే ఉన్న పెద్దకొడుకు సణిగిన కథ. పెద్దకొడుకు దగ్గరికొచ్చేసరికి పాస్టరు అయ్యగారు నా వైపు చూసి సణుక్కోకూడదమ్మా అన్నారు. నేను సణుక్కోవట్లేదండీ, పెరుగు చట్నీకి ఉల్లిపాయలు కోస్తున్నా.

మీరు కథ మధ్యలోనే పోయారు కాబట్టి లెక్క తెలిసుండదు. తండ్రి ముందే ఆస్తి పంచేశాడు. బైబిల్లోని ధర్మశాస్త్రం ప్రకారం పెద్దోడికి రెండు భాగాలు, అంటే చిన్నోడు తన మూడో వంతు పట్టుకెళ్లి తగలేశాడు, మరి ఇంట్లో మిగిలింది ఎవరిది? అంటే మీరు కూడా పెద్దోడి దూడే కదండీ! కోసేముందు వాడికి ఒక్క మాట చెప్పలేదు, పొలం నుంచొస్తుంటే పాటలూ డాన్సులూ వినబడి పనోణ్ణి అడిగి తెలుసుకున్నాడు. పొలానికి ఒక మనిషిని పంపలేరా? అయినా రెండు వేల ఏళ్లుగా తిట్లు వాడికే.

నాదీ అదే. గొలుసు వేలానికి పోకుండా వడ్డీ కట్టింది నేను, చీటీ పాడి విడిపించింది నేను. నిన్న అమ్మ ఆ గొలుసే మెళ్లో వేసుకుని మైకులో సాక్ష్యం చెప్పింది, నా కొడుకుని దేవుడు తిరిగిచ్చాడు స్తోత్రం అని. గొలుసు ఎవరు తిరిగిచ్చారో సాక్ష్యంలోకి రాలేదు.

బైబిల్లో డెబ్బది ఏళ్ల మారులు క్షమించాలంటే చిన్నప్పుడు డెబ్బై సంవత్సరాలు అనుకునేదాన్ని, సండే స్కూల్ టీచరు కాదమ్మా ఏడు డెబ్బైలు, 490 సార్లు అని చెప్పింది. మావాడి విషయంలో నేననుకున్నదే కరెక్టేమో. 1925 నాటి వారసత్వ చట్టంలో, వీలునామా లేకపోతే, క్రైస్తవులకి కొడుకూ కూతురూ సమానమే, అది మా ఇంటికి ఇంకా తర్జుమా కాలేదు.

వడ్డించి వడ్డించి మూడింటికి కూర్చుంటే డేగిసా అడుగున మాడిన రైసు, ఒక బిర్యానీ ఆకు. నల్లి బొక్క వాడి ప్లేట్లో, అమ్మే గరిటెతో ఏరి వేసింది. ఆ పెద్దోడు నాకెప్పుడూ ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదన్నాడు, నేను ఒక్క ముక్క అడిగా, అంతేగా! తప్పిపోకపోవడం నా తప్పా? నాకోసం ఎవరైనా ఎప్పుడైనా ఒక కుర్చీ అద్దెకి తెచ్చారా ఈ ఇంట్లో?

రాత్రి పదకొండింటికి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అక్కా, తినడానికి ఏమన్నా ఉందా అన్నాడు, మధ్యాహ్నం అందరూ చూస్తుంటే ముద్ద దిగలేదంట. ఆరేళ్లుగా దాచుకున్న మాటలున్నాయండీ నా దగ్గర, ఒక్కటీ నోటికి రాలేదు, వాడి కాలరు లోంచి మెడ ఎముకలు కనబడుతున్నాయి. రెండు గుడ్లు కొట్టి ఆమ్లెట్ వేశా. సగం వాడికిచ్చా. మిగతా సగం వాడు చూస్తున్నా ఇవ్వలేదు, నేనే తిన్నా.

ఇట్లు,
మీలాగే ఎటూ పోకుండా ఇంట్లోనే ఉన్న
పెద్దమ్మాయి