ఐవీ తీగ ఎవరు పీకాలి?

(అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, రిచ్మండ్ ఊరి అంచున ఓ తెలుగిల్లు. శనివారం మధ్యాహ్నం. చేతులంతా ముళ్ల గీతలతో అమ్మాయి వచ్చింది. బాబాయి సోఫాలో ఉన్నాడు.)

బాబాయి: మళ్లీ ఆ సమాధుల తోటకేనా?

అమ్మాయి: ఈస్ట్ ఎండ్‌కే. ఇవాళ ఐవీ తీగ పీకుతుంటే కింద నాలుగు రాళ్లు బయటపడ్డాయి బాబాయ్. ఒకదాని మీద పేరు చదవొస్తోంది కూడా.

బాబాయి: మంచిదే. కానీ ఆ తీగ పీకాల్సింది మీ వలంటీర్లు కాదు, రాష్ట్రం. ఈస్ట్ ఎండ్ 1897 నాటిది, పక్కనే ఉన్న ఎవర్‌గ్రీన్ 1891 నాటిది. చావులోనూ వేరు పెట్టిన రోజుల్లో నల్లవాళ్లు సొంతంగా ఏర్పాటు చేసుకున్న తోటలవి. ఇదే ఊళ్లో హాలీవుడ్ శ్మశానం చూశావుగా? అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడి చచ్చిన కాన్ఫెడరేట్ సైనికులకు 1869లోనే 90 అడుగుల గ్రానైట్ పిరమిడ్ లేచింది. వాళ్ల సమాధుల ఆలనాపాలనకు రాష్ట్ర ఖజానా దశాబ్దాల తరబడి డబ్బిచ్చింది. వీళ్ల సమాధుల మీద జనం పాత టైర్లు పారేసి పోయారు. మీరు ఊరికే శుభ్రం చేసి పెడుతుంటే ఆ బాకీ ఎవరడుగుతారు?

అమ్మాయి: అడవిలా కమ్ముకున్నదాని కింద మనుషులున్నారని కంటికి కనపడాలిగా అడగడానికి! 2013లో ఈస్ట్ ఎండ్‌లో వలంటీర్లు దిగారు. 2017లో ఈ రెండు తోటలకూ రాష్ట్రం డబ్బివ్వాలని చట్టం వచ్చింది.

బాబాయి: ఆ చట్టం కూడా చదువు. రాసినప్పుడు లెక్క కట్టింది 1900కి ముందు బతికినవాళ్ల సమాధులకే. 1910లో పుట్టి పసితనంలోనే పోయిన బిడ్డ ఆ లెక్కలోకి రాదు. ఇంకోటి. ఎవర్‌గ్రీన్‌ని 2017లో, ఈస్ట్ ఎండ్‌ని 2019లో చేతికి తీసుకున్న స్వచ్ఛంద సంస్థ 2022లో మూతపడింది. దయ మీద నడిచే పని అలాగే ఉంటుంది.

(ఈ తేదీలన్నీ ఆయనకు నోటికొచ్చు. పట్టనివాడికి ఇన్ని గుర్తుండవు, ఆయన ఒప్పుకోడు గానీ.)

అమ్మాయి: సంస్థ మూతపడితే తీగ పెరగడం ఆపుతుందా? ఎవర్‌గ్రీన్‌లో మ్యాగీ వాకర్ ఉంది. 1903లో బ్యాంకు పెట్టింది, అమెరికాలో బ్యాంకు స్థాపించిన తొలి నల్లజాతి మహిళ. ఆవిడ సమాధి దాకా వెళ్లాలన్నా...

బాబాయి: నా మాటే నువ్వు చెప్తున్నావు! ఇదే ఊళ్లో జాక్సన్ వార్డ్ పేటలో ఆవిడ ఇల్లు కేంద్ర ప్రభుత్వపు నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో భద్రంగా ఉంది. ఇల్లు దేశానిదట, సమాధి మాత్రం శనివారాలు ఖాళీ ఉన్నవాళ్లదట!

అమ్మాయి: ...అది నిజమే.

బాబాయి: పైగా తెలియనివాళ్లు పీకితే నష్టం కూడా. దక్షిణాది నల్లవాళ్ల సమాధుల దగ్గర యుక్కా మొక్కలు, బిళ్లగన్నేరుకు చుట్టమైన నేలతీగ గుర్తుగా నాటేవారు. రాయి కొనలేని ఇళ్లకు ఆ మొక్కే రాయి. గవ్వలు, పగలగొట్టిన పింగాణీ కప్పులు పెట్టేవారు. కొత్తగా వచ్చిన కుర్రాడు వాటిని చెత్త సంచిలో వేస్తే?

అమ్మాయి: వేస్తారు. నేనే మొదటి నెలలో ఓ కప్పు ముక్క వేయబోయాను. పక్కనున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపింది, వాళ్ల అమ్మమ్మ అక్కడే ఉందట. ఇప్పుడు ముందు ఫొటో తీస్తాం, తరవాతే ముట్టుకుంటాం. రాయికి నీళ్లూ మెత్తని బ్రషూ తప్ప బ్లీచ్ తగలనివ్వం. చదవలేని అక్షరాల మీదికి అద్దంతో ఏటవాలుగా ఎండ పడేలా చేస్తాం. జీతానికి వచ్చిన కాంట్రాక్టరు మిషను పెట్టి ఒక్క రోజులో చదును చేస్తాడు, ఆ యుక్కాతో సహా.

బాబాయి: అయితే ఆ పెద్దావిడకే జీతమిచ్చి పెట్టుకోమను, రాష్ట్రాన్ని.

అమ్మాయి: ఆ మాట వచ్చే శనివారం నువ్వే వచ్చి ఆవిడతో చెప్పు. నవ్వుతుంది, తరవాత నీ చేతికో సంచి ఇస్తుంది.