లైన్ తెగితే గైర్హాజరేనా?

కోనసీమ లంకలో ఓ వరి రైతు ఉన్నాడనుకుందాం. పక్క చేలో రొయ్యల చెరువు తవ్వాక తన బోరు నీళ్లు ఉప్పుగా మారాయని పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాడు. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. గతంలో అయితే రేవు దాటి, రాజమండ్రి చేరి, రాత్రంతా రైల్లో కూర్చుని చెన్నైలో దిగితే, చాలాసార్లు ‘వాయిదా’ అన్న ఒక్క మాట విని తిరుగు రైలెక్కాలి. ఇప్పుడు ఇంటి అరుగు మీద నుంచే ఫోనులో వీడియో ద్వారా హాజరు కావచ్చు. డెల్టాకు ఇది చిన్న మేలు కాదు. దీన్ని వెనక్కి తీసుకోవాలని మేం అనం.

మా అభ్యంతరం వేరు. ముసురు పట్టిన రోజు ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో, సిగ్నల్ ఎంతసేపు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. కేసు పిలిచే వేళకు తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటే, రికార్డులో పడేది ‘దరఖాస్తుదారు హాజరు కాలేదు’ అన్న మాట. 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గైర్హాజరు కారణంగా దరఖాస్తును కొట్టేయవచ్చు. అలా కొట్టేసిన ఉత్తర్వును రద్దు చేసే అధికారమూ ఆ సెక్షన్లోనే ఉంది. కానీ దానికి మళ్లీ పిటిషన్ వేయాలి, పైగా రాలేకపోవడానికి తగిన కారణం చూపాలి. ఏరు పొంగి రాలేకపోయానంటే ఊరంతా సాక్ష్యం చెబుతుంది. సిగ్నల్ పోయిందనడానికి సాక్షి ఎవరు?

సివిల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు ట్రిబ్యునల్ కట్టుబడనక్కర్లేదని, సహజ న్యాయ సూత్రాలను పాటించాలని చెప్పేదీ ఆ 19వ సెక్షనే. ఆ సూత్రాల్లో మొదటిది ఎదుటివాడి మాట వినడం. వినడమంటే ఒకవైపు వ్యవహారం కాదు. తన కేసులో ఏం నడుస్తోందో కక్షిదారుకూ వినపడాలి. వాదనలు ఇంగ్లిష్‌లో సాగుతాయి. కాలుష్య నియంత్రణ మండలి నివేదికను తెర మీద పెడితే, అరచేతిలో పట్టే ఫోనులో ఆ అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. కోర్టు హాల్లో అయితే లాయరు కోటు అంచు పట్టుకు లాగి ‘అయ్యా, ఆ చెరువు అక్కడ లేదండి’ అని చెవిలో చెప్పవచ్చు. మ్యూట్‌లో ఉన్న మనిషి ఏం చేయగలడు?

సుప్రీంకోర్టు ఈ చిక్కులు ముందే చూసింది. సౌకర్యం లేని కక్షిదారులకు వీడియో ఏర్పాటు కోర్టులే కల్పించాలని, ఇరుపక్షాలూ ఒప్పుకోనిదే వీడియోలో సాక్ష్యం నమోదు చేయరాదని 2020 ఏప్రిల్ 6న చెప్పింది. వీడియో హాజరును ఏ హైకోర్టూ కాదనరాదని 2023 అక్టోబరులో ఆదేశించింది. తెర ముందుకు రావడానికి దారి దొరికింది. మధ్యలో తెగిపోతే ఏమిటన్నదే తేలాలి.

ఎవరు ఎన్ని గంటలకు చేరారో, ఎప్పుడు జారిపోయారో వీడియో యాప్‌లు నమోదు చేయగలవు. ఆ వివరం ఆ రోజు ఉత్తర్వులోకి ఎక్కాలి. లైను తెగితే ఒకసారి ఫోన్ చేసి, జాబితా చివర మళ్లీ పిలవాలి. అప్పటికీ దొరక్కపోతే వాయిదా వేయాలి తప్ప కేసు కొట్టేయకూడదు. ‘నెట్ పోయింది’ అన్న సాకుతో కేసు సాగదీసే ఘనులు రెండు వైపులా ఉంటారని మాకూ తెలుసు. ఆ నమోదు వాళ్ల ఆటా కట్టిస్తుంది.

ఇక ఫోను చాలని వారికి అమలాపురం, రాజోలు కోర్టు ప్రాంగణాల్లో ఒక గది ఇవ్వాలి. ఇన్వర్టరు, పెద్ద తెర, జరుగుతున్నది తెలుగులో చెప్పే ఒక మనిషి ఉంటే చాలు. గ్రామ సచివాలయం ఉందిగా అనవచ్చు. ఇలాంటి కేసుల్లో తరచూ ప్రతివాది ప్రభుత్వమే. దాని ఆఫీసులో, దాని ఉద్యోగుల ఎదుట కూర్చుని దాని మీదే ఫిర్యాదు చెప్పమంటే ఏ రైతుకు నోరు పెగులుతుంది?