రంగుకు పదివేలు, ఫొటోకు సున్నా

పాప్ గాయకుడు ప్రిన్స్ 2016 ఏప్రిల్‌లో కన్నుమూసినప్పుడు ఆయన స్మృతిలో ఓ ప్రత్యేక సంచిక వచ్చింది. ముఖచిత్రం అమెరికా పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ చేసిన నారింజ రంగు ప్రిన్స్. అది వేసుకున్నందుకు పత్రికల సంస్థ కాండే నాస్ట్, వార్హోల్ బొమ్మల హక్కులు చూసే వార్హోల్ ఫౌండేషన్‌కు 10 వేల డాలర్లు ముట్టజెప్పింది. ఆ రంగు ఏ ఫొటో మీద పడిందో దాన్ని 1981లో తీసిన లిన్ గోల్డ్‌స్మిత్‌కు డబ్బూ లేదు, పేరూ లేదు. 1984లో అదే సంస్థ పత్రిక వ్యానిటీ ఫెయిర్ 400 డాలర్లిచ్చి ఆ ఫొటో చూసి బొమ్మ వేయించుకోవడానికి, అదీ ఒక్కసారికే, అనుమతి తీసుకుంది. ఆ పని అప్పగించింది వార్హోల్‌కు. అతను చేసుకున్నవి 16 బొమ్మలు. తమాషా ఏమిటంటే, ఆమె కాపీరైట్‌ను తాము ఉల్లంఘించలేదని తేల్చమంటూ 2017లో ముందు కోర్టుకెక్కింది కూడా ఫౌండేషనే!

2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో గోల్డ్‌స్మిత్ పక్షాన నిలిచింది. కళాలోకంలో చాలామంది గగ్గోలు పెట్టారు. నాకు మాత్రం అది ఎప్పుడో రావాల్సిన తీర్పు.

అవతలి వాదన ఊరికే కొట్టిపారేసేది కాదు. పాతదాన్ని తీసుకోకుండా కొత్తది పుట్టదనీ, ఈ తీర్పు కళాకారుల చేతులు కట్టేస్తుందనీ అదే కోర్టు న్యాయమూర్తి జస్టిస్ కేగన్ ఘాటుగా విభేదించారు. నిజమే, మన తెలుగు ఆదికావ్యం భారతమే వ్యాసుడి కథ. కానీ నన్నయ వ్యాసుడి పేరు దాచలేదే!

అసలు మెజారిటీ తీర్పు వార్హోల్ గొప్ప కళాకారుడా కాదా అనే జోలికే పోలేదు. బొమ్మ ఏ పనికి అమ్ముడైందని అడిగింది. ప్రిన్స్ మీద కథనాలు వేసే పత్రికకు ప్రిన్స్ ముఖం కావాలి. గోల్డ్‌స్మిత్ ఫొటో అమ్ముడయ్యేదీ ఆ పనికే, వార్హోల్ బొమ్మ అమ్ముడైందీ ఆ పనికే. అదే అంగట్లో ఆమె సరుకుకే రంగేసి పోటీ పెట్టి, ఇది సృజన, డబ్బడక్కూడదు అంటే ఎలా? వార్హోల్‌కు పేరు తెచ్చిన సూప్ డబ్బాల బొమ్మల సంగతి వేరు. అక్కడ వార్హోల్ సూప్ అమ్మలేదు, సరుకుల వ్యామోహం మీద మాట్లాడాడు. గోల్డ్‌స్మిత్ ఫొటో గురించి అతను ఏమన్నాడు? ఏమీ అనలేదు.

ఈ గొడవంతా ఫొటో అంటే బటన్ నొక్కడమే అనే చిన్నచూపు నుంచి వచ్చింది. స్టూడియోలో ప్రిన్స్ కళ్లకూ పెదాలకూ మేకప్ అద్దింది గోల్డ్‌స్మిత్. ముఖం ఎముకలు తేలేలా లైట్లు పెట్టిందీ ఆమే. ఆ బెరుకు చూపు కెమెరా దానంతటది పట్టుకోలేదు.

మన దగ్గర ఈ చిన్నచూపు ఇంకా ముదిరింది. 'ఫొటో: ఇంటర్నెట్' అని వేస్తుంటారు. ఆ ఇంటర్నెట్ గారెవరో గానీ, తెలుగునాట ఆయనంత విరివిగా ఫొటోలు తీసినవారు లేరు! చే గువేరా టీషర్టు వేసుకున్న కుర్రాళ్లలో ఎందరికి అల్బెర్టో కోర్డా పేరు తెలుసు? 1960లో హవానాలో ఆయన తీసిన ఫొటో అది. విప్లవకారుడి ముఖం మిగిలింది, తీసినవాడి పేరు ఊడిపోయింది.

చట్టం చూస్తే మనదే బిగువు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకం, విమర్శ, వార్తలు అంటూ మినహాయింపులను లెక్కగట్టి చెబుతుంది. ఫొటోకు రంగులేసి అమ్ముకోవడం ఆ జాబితాలో లేదు. అదే చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఫొటోకు తొలి హక్కుదారులు. అంటే మన పెళ్లి ఫొటోగ్రాఫరు రాత్రంతా నిలబడి తీసిన ఆల్బమ్‌లో అతనికంటూ ఒక్క ఫొటో మీదా కాపీరైట్ ఉండదు. ఆ ఒప్పందం కాగితం రాయించుకునే స్టూడియోలు మన ఊళ్లలో ఎన్నున్నాయి?