ఫ్రీగా చదవడం వేరు, వాడుకోవడం వేరు

"ఓపెన్ యాక్సెస్ వ్యాసాన్ని (అంటే నెట్‌లో ఎవరైనా ఫ్రీగా చదవగలిగే పరిశోధన వ్యాసాన్ని) ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు" అని మీ పోస్టులో రాసేశారు గానీ, అంత సీన్ లేదండీ. మాది ఒడిశాలోని గంజాం జిల్లా. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ చుట్టుపక్కల జాలరి పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఆ తాబేళ్ల మీద వచ్చిన పరిశోధన వ్యాసం ఒకటి తెలుగు, ఒడియా రెండింట్లోకీ మార్చి కరపత్రంలా పంచుదామని కూర్చున్నాం. పీడీఎఫ్ ఫ్రీగానే దిగింది, కానీ మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ అని ఉంది (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, బై అంటే రచయితల పేరు వేయాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు). ఆ చివరి ఎన్‌డీ దగ్గరే ఉంది తిరకాసంతా: అనువాదం కూడా మార్పు కిందే లెక్క, మన కోసం చేసుకోవచ్చు గానీ హక్కుదారు ఒప్పుకోకుండా పంచకూడదు. అదే ఉత్త సీసీ బై అయితే రచయితల పేర్లు వేసి, లైసెన్సు లింకిచ్చి, మార్పులు చేశామని చెబితే చాలు, అమ్ముకున్నా అడ్డులేదు (లోపల వేరేవాళ్ల దగ్గర తెచ్చుకున్న ఫొటోలుంటే వాటి సంగతి మళ్లీ వేరు).

ఓపెన్ యాక్సెస్ అంటే ఏమిటో చెప్పిన 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటనలోనే చదవడంతో పాటు కాపీ చేయడం, పంచడం కూడా ఉన్నాయి. మరి ఈ సంకెళ్లు ఎందుకో! ఇక వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (పరిశోధన పత్రికల చందా కేంద్రమే కట్టే పథకం) అంటారా, మూడేళ్లకి 6,000 కోట్లు పెట్టారు, సర్కారీ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకి మంచిదే, బయట ఉన్న మాలాంటివాళ్లకి దాంతో ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు ప్రచురణకర్తకి మెయిల్ పెట్టి కూర్చున్నాం. మీరు ఆ ఒక్క వాక్యం మాత్రం సరిచేయండి ప్లీజ్.