డ్రిల్ మాస్టారు మ్యూట్‌లో ఉన్నారు

ఆటలకు ఇన్నాళ్లూ అడ్డుపడింది గ్రౌండే. ఎండ, దుమ్ము, పల్లేరుకాయలు, మొన్నటి సభకు గుంజలు పాతిన గోతులు. వీటన్నిటినీ ఒక్క దెబ్బతో వదిలించిన ఆన్‌లైన్ క్రీడా విద్యకు మనం తగిన సన్మానం చేయనేలేదు. నిజానికి మన బడులు ఈ విప్లవానికి ఎప్పుడో సిద్ధమయ్యాయి. పదో తరగతి డ్రిల్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాగేసుకోవడం, గ్రౌండులో బస్సులు నిలపడం పాత సంగతులే. ఆట లేకుండా ఆటల మార్కులు వేయడంలో మనకున్న చేయి తిరిగినతనం ఇంకెవరికుంది? 2020 మార్చిలో కరోనాకు బడులు మూతపడగానే అది అక్కరకొచ్చింది.

బడి పిల్లల దారుఢ్యాన్ని కొలవడానికి కేంద్రం పెట్టిన ఫిట్ ఇండియా పరీక్షల్లో తొమ్మిదేళ్లు నిండినవారికి 600 మీటర్ల పరుగుంది. ఇంట్లో హాలు నాలుగు మీటర్లు అనుకుందాం. అటూ ఇటూ 150 సార్లు, మలుపులు 149. ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరగాలి కాబట్టి ఊపిరి కంటే ముందు మోకాళ్లు పోతాయి. నున్నటి టైల్స్ మీద సాక్సులతో పరిగెడితే అంతసేపు కూడా ఆగక్కర్లేదు. తొంభయ్యో మలుపు దగ్గర కింది ఫ్లాట్ అంకుల్ వచ్చి బెల్లు కొడతారు. ఫినిషింగ్ లైను అదే.

పరుగు పందెంలో తుపాకీ మోగాక 0.1 సెకను గడవకముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్. వీడియో కాల్‌లో మాస్టారి ‘గో’ పిల్లాడి చెవిన పడేసరికే అంతకు మించి పట్టొచ్చు. వాడు కదిలిన బొమ్మ మాస్టారిని చేరడానికి మరికొంత. ఆడలేక మద్దెల ఓడనే కాలం పోయి, సిగ్నల్ ఓడనే కాలం వచ్చింది. ఈసారి మాట నిజం కూడా.

లాంగ్‌జంప్ వీడియో పంపితే తప్పులు దిద్దిపెడతామనే కోచ్‌లున్నారు. మంచిదే, పద్ధతిగా తీస్తే ఎంతో పనికొస్తుంది. టేకాఫ్ బోర్డు మీద పాదం ఆనేది సుమారు సెకనులో ఎనిమిదో వంతు. ఫోను మామూలుగా సెకనుకు తీసే 30 ఫ్రేముల్లో దాని వాటాకు వచ్చేవి మూడో నాలుగో, అవీ మసకగా. స్లోమోషన్‌లో 240 పెట్టుకుంటే ముప్ఫై దొరుకుతాయి. ఫోనును బోర్డుకు సరిగ్గా పక్కన, ఎనిమిది పది మీటర్ల దూరంలో, నడుం ఎత్తున కదలకుండా నిలబెట్టాలి. అప్పుడే చివరి అడుగు సాగిందా, నడుం దిగిందా అన్నది తెలుస్తుంది. కానీ తీసేది ఇసుక గుంట అవతల నిలబడ్డ బాబాయి. ఎదురుగా తీస్తే అడుగు పొడవు కనబడదు. పిల్లాడు గాల్లోకి లేవగానే ‘శభాష్‌రా’ అంటూ ఆయనా ఎగురుతాడు. వీడియోలో దొరికే టేకాఫ్ ఆయనదే. కోచ్‌గారు దానికీ ‘భేష్’ అన్నట్టు బొటనవేలు బొమ్మ పెడతారు.

ఇక చెడుగుడు. ఎదుటివాళ్ల కోర్టులో కాలు పెట్టక ముందే కూత మొదలవ్వాలి, అంపైరుకు వినబడాలి, లేకపోతే వెనక్కి పంపేస్తాడు. ఆన్‌లైన్ క్లాసులో అందరూ మ్యూట్‌లో ఉండడం క్రమశిక్షణ. ముప్ఫై మంది ఒకేసారి కూత పెడితే యాప్ దాన్ని చప్పుడు కింద లెక్కేసి నొక్కేస్తుంది. ఆ రోజు పాఠం చీలమండ పట్టు. రైడర్, అంటే కూతకొచ్చినవాడు, అదనపు పాయింటు తెచ్చే బోనస్ లైను కోసం కాలు చాచినప్పుడు కార్నర్‌లో ఉన్నవాడు కిందికి దిగి, రెండు చేతులా చీలమండ పట్టి, తల పక్కకు పెట్టి, కాలిని ఒంటికి లాక్కోవాలి. తల ఎదురుగా ఉంటే మడమ మూతికి తగులుతుంది. ఇంట్లో రైడర్ తలగడ. అది ఏ తరగతిలోనూ తన్నలేదు, గీత దాటి పారిపోలేదు, కాబట్టి పిల్లలందరికీ నూటికి నూరు. చెయిన్ కట్టడానికి పక్కవాడి చెయ్యి కావాలన్న ఇబ్బందిని సోఫా తీర్చింది.

పుషప్‌ల లెక్కకూ యాప్ ఉంది. ముక్కు స్క్రీను దగ్గరికొస్తే ఒకటి. అరచెయ్యి ఊపినా ఒకటే అని పిల్లలు మొదటి రోజే కనిపెట్టారు. ఈ కోర్సు మొత్తంలో సొంతంగా జరిగిన పరిశోధన అదొక్కటే.

పిల్లలకే కాదు, కోచ్‌లు కాదలచినవారికీ కోర్సులున్నాయి. వీడియోలు చూడాలి, పది బిట్లు పెట్టాలి, క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్ దించుకోవాలి. అలా దించుకున్న ఒక కోచ్‌గారికి బడిలో కబడ్డీ కోర్టు గీయమన్నారు. సున్నం బకెట్టు, టేపు ఇచ్చారు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, నడిమి గీత నుంచి 3.75 మీటర్లకు రైడర్ దాటి రావాల్సిన బాక్ లైను, దానికి మీటరు అవతల బోనస్. కొలతలన్నీ కంఠతా వచ్చు, ఒక్కటీ తప్పలేదు. అయినా కోర్టు ఈదురుగాలికి ఒరిగిన పందిరిలా తయారైంది. గీతలు గీసే ముందు మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి, రెండు వైపులా 16.40 వచ్చిందో లేదో చూసుకోవాలి. ఆ సంగతి మూడో మాడ్యూల్లో ఉంది. కోచ్‌గారు దాన్ని రెండింతల వేగంతో చూశారు.