జెండా పెడితే జైలా?

సంక్రాంతి దగ్గర పడుతుండగా వరంగల్, హన్మకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవానికి కాలనీ రోడ్డు వెంట ఒక్కో మాజీ సైనికుడి పేరిట ఒక్కో జాతీయ జెండా నిలుపుదామని కొందరు అనుకున్నారో లేదో, అడ్డుపుల్ల వచ్చి పడింది: "జెండా ఎగరవేసే హక్కు ప్రభుత్వ కార్యాలయాలకే. సైనికుల కోసమైతే డిసెంబరు 7నే. సూర్యాస్తమయం దాటితే మూడేళ్ల జైలు. బతికున్నవారి పేరిట జెండా పెట్టడం అమరులకు అవమానం." చివర మామూలే, పదిమందికీ పంపాలట.

మొదటి మాటకు కాలం చెల్లి ఇరవై ఏళ్లు దాటింది. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన జెండా నియమావళి ప్రకారం సామాన్యులు ఏ రోజైనా, ఏ సందర్భంలోనైనా గౌరవంగా జెండా ఎగరవేయవచ్చు. 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని భావప్రకటన స్వేచ్ఛలో భాగమని తేల్చింది. అయినా 1946లో వరంగల్ కోటలో జెండా ఎగరేసిన వేళ రజాకార్ల చేతిలో స్వాతంత్ర్య సమరయోధుడు బత్తిని మొగిలయ్య ప్రాణాలు పోగొట్టుకున్న ఊరిలో జెండా ఎవరి సొత్తని వాదించడమే విడ్డూరం.

డిసెంబరు 7 సంగతి వేరు. అది 1949 నుంచి జరుగుతున్న సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆ రోజు చొక్కాకు గుచ్చే చిన్న జెండాలో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులుంటాయి. మూడు దళాలకు మూడు. విరాళాలు సైనికుల, మాజీ సైనికుల కుటుంబాల సంక్షేమానికి వెళతాయి. మువ్వన్నెల జెండాకు దానితో ముడి లేదు. జనవరి 14 అంటారా, సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతి కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజది.

రాత్రి వేళ అన్న అభ్యంతరం ఒకప్పుడు నిజమే. 2022 జులైలో నియమం మార్చారు. ఆరుబయట గానీ, పౌరుల ఇళ్ల మీద గానీ రాత్రింబవళ్లూ ఉంచవచ్చు. ఇక మూడేళ్ల జైలు జాతీయ గౌరవానికి అవమానం జరగకుండా తెచ్చిన 1971 చట్టంలో ఉన్నమాట వాస్తవమే, కానీ అది జెండాను అవమానించినవారికి. తగలబెట్టడం, చించడం, తొక్కడం వంటివి అందులో చెప్పారు. చీకటి పడ్డాక జెండా ఎగరడం అందులో లేదు.

అమరులకు అవమానమన్న మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. పార్థివ దేహం మీద జెండా కప్పడం ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియల పద్ధతి. స్తంభం మీద ఎగరేయడం అది కాదు. పాతికేళ్లు సరిహద్దులో కాపలా కాసి ఇంటికొచ్చిన మనిషికి బతికుండగా గౌరవం దక్కకూడదని చెప్పే నియమం ఎక్కడా లేదు.

నిజంగా పట్టించుకోవలసినవి ఈ సందేశంలో లేనే లేవు. జెండా మీద అక్షరాలు రాయకూడదు. కనుక సైనికుడి పేరు గుడ్డ మీద ముద్రించడం తప్పు. జెండా ఎగిరే కర్రకు పేరు అట్ట, పూలదండ కూడా కట్టకూడదు. పేరు పలకను పక్కనే వేరే కర్రకు కొట్టి నేలలో నాటాలి. ఆగస్టు 15కు మనం అలవాటుగా చేసే పని, రోడ్డుకు అడ్డంగా జెండాలను తోరణంలా కట్టడం, అదీ కుదరదు. సంఘం జెండాను జాతీయ జెండా కంటే ఎత్తులో గానీ దాని సరసన గానీ నిలపకూడదు.

పైగా జనవరి 14 గాలిపటాల రోజు. మాంజా చుట్టుకుని అంచు చిరిగితే ఆ జెండాను వెంటనే దించాలి, ఎందుకంటే చిరిగినదాన్ని ప్రదర్శించకూడదు. చెత్తబండిలో వేయడం కాదు, నలుగురి కంట పడకుండా గౌరవంగా, వీలైతే కాల్చివేసి, పూర్తిగా లేకుండా చేయాలి. నిచ్చెన, నాలుగు జెండాలు అదనంగా ఉంచుకుని, ఆ పనికి ఇద్దరిని ముందే ఒప్పించుకోవడం మంచిది.