పాయింట్ ఫైవ్ గారికి

శ్రీయుత ఆల్ప్రజొలామ్ 0.5 గారికి నమస్కరించి రాయునది,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది నువ్వొక్కడివే. పైన గారు అని రాసింది మర్యాదకి. రెండేళ్లుగా ఒకే గదిలో పడుకుంటున్నాం కాబట్టి ఇక్కడి నుంచి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. టైం రాత్రి రెండు నలభై. ఇవాళ నా నిద్రమాత్రవైన నిన్ను ముప్పావు వంతే వేసుకున్నాను, అందుకే ఇంత లెటర్ రాసే తీరిక దొరికింది.

మన పరిచయం మా బాపు, అంటే నాన్న, చనిపోయిన నెలలో. దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక ఇల్లు ఖాళీ అయింది, నా కంటి మీద మాత్రం కునుకు లేదు. పదకొండు రాత్రులు. మూడింటికి వాచ్‌మన్ కర్ర చప్పుడు, నాలుగింటికి పాల వ్యాన్, ఐదింటికి పక్కింటివాళ్ల మోటార్, అంతా టైంటేబుల్‌లా నోటికొచ్చేసింది. జాజికాయ పాలు తాగమన్నవాళ్లు తాగించారు, అరికాళ్లకి కొబ్బరినూనె రాయమన్నవాళ్లు రాయించారు (దుప్పటి పాడైంది, అంతే). నిద్ర సుఖమెరుగదు అంటారే, అది నిద్ర పట్టేవాళ్లు కట్టిన సామెత. చివరికి ఒక డాక్టర్ నిన్ను రాశాడు, అప్పటికి నువ్వు పాయింట్ టూ ఫైవ్ మిల్లీగ్రామే. మొదటి రాత్రి ఆరు గంటలు పడుకున్నాను. పొద్దున లేచి మా ఆవిడకి ఆ మాట చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆ ఒక్క రాత్రికి నీకు ఇప్పటికీ దండం పెడతాను, నిన్ను విషం అని తిట్టేవాళ్లు ముందు పదకొండు రాత్రులు మేలుకుని వచ్చి మాట్లాడితే బాగుంటుంది.

కానీ ఆ చీటీ మీద ‘పది రోజులు’ అని ఉంది. చీటీ ఇప్పటికీ పర్సులోనే ఉంది, మడతల దగ్గర చిరిగితే సెల్లోటేప్ వేశాను.

చట్టం ప్రకారం నువ్వేమీ చాక్లెట్ కాదు. 2014 నుంచి నిన్ను షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో పెట్టారు. స్ట్రిప్పు మీద ఎర్ర గీతల మధ్య హెచ్చరిక ఉండాలి, నిన్ను అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో షాపువాళ్లు విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. నేను వెళ్లే షాపులో ఆ తతంగమేమీ లేదు. నన్ను చూడగానే అతని చెయ్యి దానంతటదే వెనక అరలోకి పోతుంది. “పది ఇవ్వనా అన్నా?” అంటూ కత్తెర తీస్తాడు, ఆ కత్తెర సరిగ్గా ఎర్ర గీతల మీదుగానే వెళ్తుంది. ‘డేంజరస్’ అన్న ముక్క వాళ్ల డబ్బాలో ఉండిపోతుంది, ‘మెడికల్ అడ్వైస్’ అన్న ముక్క నాకొస్తుంది. ఆ లెక్కన అంతా సలహా ప్రకారమే వేసుకుంటున్నట్టు.

నీ సర్వీస్ బుక్ కూడా తిరగేశాను. నీ అసలు పోస్టు ఆందోళన, పానిక్ డిపార్ట్‌మెంట్‌లో అట కదా, నిద్ర డిపార్ట్‌మెంట్‌కి డిప్యుటేషన్ మీద వచ్చావు. డిప్యుటేషన్ మీద వచ్చినవాడు వెనక్కి పోవడం మా ఆఫీసులో నేనింతవరకు చూడలేదు, నువ్వు మాత్రం ఎందుకు పోతావు. పైగా ప్రమోషన్ కూడా కొట్టేశావు, ఆర్నెల్లకల్లా పాయింట్ టూ ఫైవ్ పని చెయ్యక పాయింట్ ఫైవ్ అయ్యావు. మెదడులో గాబా అని ఒక బ్రేకు ఉంటుందట, నువ్వు దాన్ని గట్టిగా తొక్కుతావు, రోజూ తొక్కేసరికి మెదడు కూడా మొండికేసి ఆక్సిలరేటర్ పెంచుకుంటుంది. పోయిన దసరాకి ఊరెళ్తూ నిన్ను ఇంట్లోనే మర్చిపోయాను. రెండు రాత్రులు చెమటలు, గుండె దడ, చీమ నడిచినా వినపడేంత మెలకువ. చూశారా, నా జబ్బు ఎంత ముదిరిందో, ఈ మాత్ర లేకపోతే నేను బతకను అని అందరికీ చెప్పుకున్నాను కూడా. అది నా జబ్బు కాదు, నిన్ను ఉన్నట్టుండి ఆపినందుకు నువ్వు వేసిన జరిమానా అని తర్వాత తెలిసింది.

నీ దాయాది, జోల్పిడెమ్ అనే ఇంకో నిద్రమాత్ర గురించి డల్లాస్‌లో ఉన్న మా మరదలు చెబుతుంటుంది. పొద్దునకి కూడా ఒంట్లో మిగిలిపోయి కార్లు నడిపేవాళ్లకి ప్రమాదమని 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్లకి దాని డోసు పది మిల్లీగ్రాముల నుంచి ఐదుకి తగ్గించింది, నిద్రలోనే లేచి నడిచేవాళ్లు, బండి తోలేవాళ్లు ఉన్నారని 2019లో డబ్బా మీద పెద్ద హెచ్చరిక వేయించింది. మీ వంశం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మా అమ్మ సంగతి.

అమ్మకి డెబ్బై ఆరు. ఒకరోజు రాత్రి “నాకూ నిద్ర పడతలేదురా, నీదొకటియ్యి” అంది. ఇంట్లో పారాసిటమాల్ పంచుకున్నట్టే నిన్నూ సగం విరిచి ఇచ్చాను. అర్ధరాత్రి బాత్రూంకి లేచి తలుపు చట్రానికి గుద్దుకుంది. అదృష్టం, నుదుటి మీద బొప్పితో పోయింది, ఆ వయసులో నీ వల్ల పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారట. పొద్దున మంచం మీద కూర్చుని కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, “ఏందిరా, మీ మామ కల్లు తాగొచ్చినప్పటి లెక్కనే ఉంది నా తలకాయ” అంది.

ఆమె ఊరికే అంది. నాకు మాత్రం కాఫీ దిగలేదు.

మా మామది నిజామాబాద్ వైపు పల్లె. సాయంత్రం ఆరైతే కల్లు దుకాణం, రెండు సీసాలు. ఊళ్లో గీసే ఈతచెట్లు ఎన్నో, రోజూ అమ్ముడుపోయే సీసాలు ఎన్నో పక్కపక్కన పెట్టి లెక్కేస్తే చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది అందులో చెట్టు నుంచి వచ్చింది ఎంతో. మిగతాదంతా నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకి నువ్వో, డయాజెపామో, క్లోరల్ హైడ్రేటో. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు తెలంగాణ పల్లెల్లో జనం వందల్లో ఆస్పత్రుల పాలయ్యారు, అందులో మా మామ ఒకడు. చేతులు వణికాయి, నిద్ర లేదు, గోడతో మాట్లాడాడు, సొంత చెల్లెలు ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేదు. నేను ఆస్పత్రి వరండాలో నిలబడి, చదువు లేకపోతే ఇంతే, ఏం తాగుతున్నారో కూడా తెలియకుండా తాగుతారు అని అందరికీ వినపడేలా ఒక లెక్చర్ ఇచ్చాను. మామ కొడుకు ఏమీ అనలేదు, టీ తెచ్చిచ్చాడు.

అంటే మామకి సీసాలో వచ్చావు, నాకు స్ట్రిప్పులో వచ్చావు. మా ఇద్దరికీ తేడా ఆ చీటీ ఒక్కటే, దానికీ సెల్లోటేప్ వేశాను.

సరే, పోయిన వారం వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆమె ముందు చేసిన పని నన్ను భయపెట్టడం: ఒక్కసారిగా మానెయ్యొద్దు, మీ మామకి జరిగిందే మీకూ జరుగుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. కొన్ని వారాలకోసారి పావు పావు తగ్గిద్దాం అంది. దాంతోపాటు సీబీటీ-ఐ అని ఇంకొకటి, నిద్ర కోసం మాత్ర లేకుండా చేసే చికిత్స, అమెరికాలో డాక్టర్ల సంఘం 2016లోనే మొదట ఇదే ఇవ్వమని చెప్పిందట. రోజూ ఒకే టైంకి లేవాలి, పడుకున్న గంటలు డైరీలో రాయాలి, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్నాను, చూడు. దీన్ని కత్తెరతో కత్తిరించి ఇచ్చే షాపు ఎక్కడా లేదు, అందుకే కాబోలు ఇన్నేళ్లలో ఒక్కరూ నాకు దీని పేరు చెప్పలేదు.

ఇంతకీ నిన్ను పావు కొయ్యడం ఎంత కష్టమో నీకు తెలుసా? గోరంత లేవు. కూరగాయల చాకు పెట్టి నొక్కితే ఒక ముక్క ఎగిరి ఎటో పోయింది, మిగిలిన ముప్పావు అంచు రాలి కట్టింగ్ బోర్డు మీద తెల్లగా పొడి అంటుకుంది. ఆ పొడి వేలికి అద్దుకుని నాకాలా వద్దా అని ఒక నిమిషం నిలబడ్డాను. ఏం చేశానో చెప్పను.

వాచ్‌మన్ కర్ర వినపడుతోంది, మూడైనట్టుంది. ఉంటాను.

ఇట్లు,
నీ పాత ఖాతాదారుడు

తా.క.: ఎగిరిపోయిన ఆ పావు ముక్క స్టవ్ కింద ఉంది. టార్చి వేసి చూశాను. చీపురు ఎక్కడుంటుందో కూడా నాకు తెలుసు.